పల్చటి రెట్ట, పగిలే గుడ్లు: ప్రొబయోటిక్ ప్యాకెట్ ఎప్పుడు కొనాలి?

ప్రశ్న: మాది అనపర్తి దగ్గర పల్లె. ఒకే షెడ్డులో 10 వేల బీవీ-300 లేయర్లు ఉన్నాయి. కేజ్‌లు, నిపుల్ నీళ్లు. వయసు 52 వారాలు. మేత మేమే కలుపుకుంటాం: మొక్కజొన్న, నూకలు, సోయా చెక్క, నూనె తీసిన తవుడు, ఎండు చేపల పొడి, గ్రిట్ (పెంకు కోసం వేసే రాతి ముక్కలు). నెల రోజులుగా రెట్ట పల్చగా పడుతోంది, కేజ్‌ల కింద ఈగలు ముసురుతున్నాయి. ప్రొడక్షన్, అంటే వంద కోళ్లకు రోజూ వచ్చే గుడ్లు, 88 శాతం నుంచి 84కి దిగింది. వంద గుడ్లకు నాలుగు పగులుతున్నాయి. రెట్ట పల్చబడినప్పుడల్లా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మూడు రోజులు నీళ్లలో ఇస్తున్నాం. ఆగినట్టే ఆగి మళ్లీ మొదలవుతోంది. మందుల షాపులో ప్రొబయోటిక్ పొడి టన్నుకు అరకిలో కలపమంటున్నారు. పక్క ఫారం ఆయన వాడి చూసి దండగ అన్నాడు. ఇంకొకరు పెరుగు నీళ్లలో కలిపితే అదే పని చేస్తుందన్నారు. ఏం చేయమంటారు?
– ఒక లేయర్ రైతు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: వాడండి, కానీ ఇవాళే కొనకండి. ప్రొబయోటిక్ అంటే పేగుకు మేలు చేసే, బతికున్న బ్యాక్టీరియా. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే రెట్ట పల్చబడటానికి పేగులో చెడ్డ బ్యాక్టీరియా ఒక్కటే కారణం అనడానికి లేదు. కారణం ఉప్పో, నీళ్లో, గ్రిట్టో అయితే ఎంత మంచి ప్రొబయోటిక్ కలిపినా రెట్ట గట్టిపడదు. రెండు నెలలు డబ్బు పోసి, చివరికి మీరూ పక్క ఫారం ఆయన మాటే అంటారు.

ముందు రెట్టను దగ్గరగా చూడండి. పొద్దున్నే 20 కేజ్‌ల కింద ఖాళీ మేత సంచులు విప్పి పరిచి గంట తర్వాత తీయండి. కాఫీ రంగులో, జిగురు ముద్దలా, గట్టి వాసనతో అక్కడక్కడా కనిపించేది రోగం కాదు. అది సీకం (పేగుకు అనుకుని ఉండే సంచి) నుంచి వచ్చే రెట్ట, ఆరోగ్యంగా ఉన్న కోడి కూడా రోజూ వేస్తుంది. దాన్ని చూసి కంగారుపడి మందు పోసే ఫారాలు తక్కువేం కాదు. మిగతా రెట్టల్లో చూడాల్సింది ఒకటే. మధ్యలో ముద్ద ఆకారం నిలిచి, పైన తెల్లటి టోపీ ఉండి, చుట్టూ నీళ్ల వలయం కనిపిస్తే కోడి నీళ్లు ఎక్కువ తాగుతోందని, లేదా కిడ్నీ మీద భారం పడుతోందని అర్థం. అసలు ఆకారమే లేకుండా, నురగతో, అరగని నూకలూ మొక్కజొన్న ముక్కలూ కనిపిస్తూ, నారింజ రంగు జిగురు ఉంటే తేడా పేగులో ఉంది. ప్రొబయోటిక్‌కు పని ఉండేది ఈ రెండో రకంలోనే.

మీ మేతలో మొదట అనుమానించాల్సింది ఎండు చేప. దానిలో ఉప్పు ఒక లాటుకీ ఇంకో లాటుకీ పొంతన ఉండదు. టన్నుకు 50 కిలోలు వేస్తున్నారనుకుందాం. ఆ చేపలో 8 శాతం ఉప్పుంటే చేప నుంచే 4 కిలోల ఉప్పు వచ్చేసింది. దాని మీద మామూలుగా వేసే 3 కిలోలు కూడా వేస్తే మొత్తం 7 కిలోలు. మేతలో సోడియం 0.16 నుంచి 0.18 శాతం ఉంటే లేయర్‌కు చాలు. ఆ అవసరం 4, నాలుగున్నర కిలోల ఉప్పుతోనే తీరిపోతుంది, తినే సోడా కలిపితే ఇంకా తక్కువ చాలు. మిగిలినదంతా నీళ్లు తాగిస్తుంది, ఆ నీళ్లు రెట్టలో కనిపిస్తాయి. చేప కొత్త లాటు వచ్చిన తేదీ, రెట్ట పల్చబడిన తేదీ పక్కపక్కన పెట్టి చూడండి. చేపనూ, కలిపిన మేతనూ విడివిడిగా ఉప్పు పరీక్షకు పంపండి. ఖర్చు తక్కువే.

తర్వాత నీళ్లు. షెడ్డు పైపుకు మీటరు లేకపోతే బిగించండి. మామూలు రోజుల్లో కోడి తిన్న మేత బరువుకు రెట్టింపు నీళ్లు తాగుతుంది. అంటే 110 గ్రాముల మేతకు సుమారు 220 మిల్లీలీటర్లు, మీ షెడ్డుకు రోజుకు 2,200 లీటర్లు. ఎండలు 40 డిగ్రీలకు చేరినప్పుడు ఇంకా బాగా పెరుగుతుంది. అది సహజం, దానికి మందు లేదు. ఎండ లేని రోజుల్లో కూడా మీటరు 3,000 దాటుతుంటే ఉప్పైనా ఉండాలి, నిపుళ్లైనా కారుతుండాలి. బోరు నీళ్ల టీడీఎస్ కూడా చూడండి. 3,000 దాటిన నీళ్లతో రెట్ట గట్టిగా ఉండాలనుకోవడం అత్యాశే.

మూడోది గ్రిట్. మెగ్నీషియం ఎక్కువున్న డోలమైట్ రాయి గ్రిట్ పేరుతో వస్తుంటుంది. రెట్ట పల్చబడుతుంది, పెంకూ పల్చబడుతుంది. మీకు రెండూ ఉన్నాయి కాబట్టి ఈ పరీక్ష వదలొద్దు. నాలుగు గ్రిట్ ముక్కలు గాజు గ్లాసులో వేసి, చేతికి తొడుగు వేసుకుని, నాలుగు వంతుల నీళ్లలో బాత్‌రూం కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక వంతు నెమ్మదిగా పోసి దాని చుక్కలు వేయండి. సున్నపురాయి అయితే బుసబుసా పొంగుతుంది. డోలమైట్ ముక్క సన్నగా, నెమ్మదిగా బుడగలు వదులుతుంది. అనుమానంగా ఉంటే కాల్షియం, మెగ్నీషియం శాతాల కోసం ల్యాబ్‌కు పంపండి.

నాలుగోది బూజు విషాలు. అఫ్లాటాక్సిన్ పేరు అందరికీ తెలుసు, ఆక్రటాక్సిన్‌ను పట్టించుకునేవాళ్లు తక్కువ. అది కిడ్నీని దెబ్బతీస్తుంది, రెట్టలో నీళ్ల వలయం దానివల్ల కూడా వస్తుంది. మొక్కజొన్న తేమ 13 శాతం దాటి కొన్న సరుకు ఉంటే రెండు విషాలకూ కలిపి పరీక్ష చేయించండి.

పగుళ్ల గురించి ఒక మాట. 52 వారాల కోడి గుడ్డు పెద్దదవుతుంది, పెంకుకు వాడే కాల్షియం మాత్రం పెరగదు, కాబట్టి పెంకు సాగి పల్చబడుతుంది. ఈ వయసులో మేతలో కాల్షియం 4 శాతం చుట్టూ ఉండాలి. 38 శాతం కాల్షియమున్న గ్రిట్ అయితే టన్నుకు 105 కిలోల దాకా పడుతుంది. అందులో మూడింట రెండు వంతులు 2 నుంచి 4 మిల్లీమీటర్ల ముక్క ఉండాలి, మిగతాది పొడి. పెంకు ఎక్కువగా తయారయ్యేది రాత్రి. ఆ సమయానికి గిజర్డ్‌లో (కందనకాయలో) నెమ్మదిగా కరిగే ముక్క ఉంటేనే పని జరుగుతుంది. అందుకే రోజు మేతలో సగానికి పైగా మధ్యాహ్నం తర్వాత వేయండి. ప్రొబయోటిక్ పేగును బాగుచేసి ఖనిజాలు ఒంటబట్టడానికి కొంత సాయం చేయగలదు. లేని కాల్షియాన్ని అది పుట్టించదు.

ఇవన్నీ సరిచేసిన పది రోజులకు రెట్ట మళ్లీ చూడండి. కొలత కావాలంటే పది చోట్ల నుంచి తాజా రెట్ట 100 గ్రాములు తీసుకుని బాగా ఎండబెట్టి తూచండి. 25 గ్రాముల దగ్గర మిగిలితే మామూలే. 20 కంటే తగ్గితే ఇంకా పల్చగానే ఉన్నట్టు. ఈగలు కూడా ఈ అంకెనే అనుసరిస్తాయి, రెట్ట ఆరితే పురుగు పట్టదు.

ఇక ప్రొబయోటిక్. ఈ ఆలోచనకు బలం వచ్చింది 1973లో. ఫిన్లాండ్‌లో ఎస్కో నూర్మి బృందం పెద్ద కోడి పేగులోని సరుకును అప్పుడే పొదిగిన పిల్లలకు పట్టిస్తే, అవి సాల్మొనెల్లాను తట్టుకున్నాయి. ఖాళీ పేగులో మంచి బ్యాక్టీరియా ముందే చోటు పట్టేస్తే చెడ్డదానికి చోటుండదు. కానీ మీ కోళ్ల పేగు ఖాళీగా లేదు, ఏడాదిగా నిండి ఉంది. అక్కడికి మేతతో పంపే బాసిల్లస్ అనే ప్రొబయోటిక్ బ్యాక్టీరియా కాపురం పెట్టదు. బీజరూపంలో లోపలికి వెళ్లి, మొలిచి, కొన్ని గంటలు పనిచేసి రెట్టతో బయటికి వచ్చేస్తుంది. ఉన్నంతసేపూ ఆక్సిజన్ వాడేసి లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియాకు అనువైన వాతావరణం చేస్తుంది, ఎంజైములు వదులుతుంది, క్లాస్ట్రీడియం, ఈ-కోలై లాంటి చెడ్డవాటికి అడ్డుపడుతుంది. అందుకే ఇది రోజూ మేతలో ఉండాలి. వారానికి రెండు రోజులు వేయడం దండగే.

సొంత మిక్సింగ్ ఉన్న ఫారానికి బాసిల్లస్ రకమే తేలిక: సబ్టిలిస్, లైకెనిఫార్మిస్, కోయాగ్యులన్స్. వేడిని తట్టుకుంటుందన్నది అమ్మేవాళ్లు గట్టిగా చెప్పే గుణం. మీది పెల్లెట్ కాదు, పొడి మేత కాబట్టి మిల్లు వేడి గొడవే మీకు లేదు. మీకు పనికొచ్చేది వేరే: మే నెల గోడౌన్‌లో, మినరల్ మిక్చర్ పక్కన, గాలిలో తేమ మధ్య కూడా ఆ బీజం బతుకుతుంది. లాక్టోబాసిల్లస్ పొడి అక్కడ కొన్ని వారాల్లోనే చచ్చి కూర్చుంటుంది.

ప్యాకెట్ మీద చూడాల్సింది ఎన్ని రకాల బ్యాక్టీరియా ఉందన్నది కాదు, గ్రాముకు ఎన్ని బతికున్నాయన్నది. దాన్నే సీఎఫ్‌యూ అంటారు. లెక్క ఇలా వేయండి. గ్రాముకు 200 కోట్ల సీఎఫ్‌యూ ఉన్న పొడిని టన్నుకు 500 గ్రాములు వేస్తే మొత్తం లక్ష కోట్లు. టన్ను అంటే 10 లక్షల గ్రాములు. కాబట్టి మేత గ్రాముకు 10 లక్షలు. బాసిల్లస్‌కు ఈ స్థాయి బాగుంటుంది. కొన్ని స్ట్రెయిన్లు (అదే బ్యాక్టీరియాలో ఉపరకాలు) 3 లక్షల దగ్గరే పనిచేస్తాయి, అలా అయితే కంపెనీ ఆ స్ట్రెయిన్ మీద జరిగిన పరీక్ష వివరాలు చూపించాలి. ఇంకో ప్యాకెట్ మీద గ్రాముకు 20 కోట్లే ఉంటే, అదే అరకిలోకు మేతలో లక్షే పడుతుంది. పక్క ఫారం ఆయన ప్యాకెట్ ఖాళీది ఉంటే తెప్పించి ఈ లెక్క వేసి చూడండి, ఆయన మాటలో నిజమెంతో సగం అక్కడే తేలుతుంది. స్ట్రెయిన్ నంబరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉండాలి. ఆ సీఎఫ్‌యూ తయారైన రోజుదా, ఎక్స్‌పైరీ నాటికి హామీ ఇచ్చినదా అని అడగండి. జవాబు రాతపూర్వకంగా రాకపోతే ఇంకో కంపెనీ చూసుకోండి. ఒక ప్యాకెట్‌ను లెక్కింపు పరీక్షకు పంపాలనుకుంటే విజయవాడ దగ్గర గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, మైక్రోబయాలజీ విభాగంలో అడిగి చూడండి. తెలంగాణ రైతులు రాజేంద్రనగర్‌లో అడగవచ్చు.

కలపడంలోనే ఎక్కువమంది పొరపాటు పడతారు. అరకిలో పొడిని తిన్నగా టన్ను మేతలో విసిరితే ఒక మూల ముద్ద, ఇంకో మూల సున్నా. 500 గ్రాములను ముందు 5 కిలోల పొడి తవుడులో మూత ఉన్న డ్రమ్ములో వేసి బాగా దొర్లించండి. దాన్ని 25 కిలోల తవుడు లేదా సోయాలో కలపండి. మిక్సర్‌లో సగం మొక్కజొన్న, నూకలు పడ్డాక ఈ 30 కిలోలు వేసి, మిగతా సరుకు పైన వేయండి. అడ్డంగా ఉండే రిబ్బన్ మిక్సర్‌కు 4, 5 నిమిషాలు చాలు. నిలువు మిక్సర్‌కు 15 నిమిషాలు కావాలి, మధ్యలో ఆపొద్దు. నూనె వేస్తే చివర్లో వేయండి. ముందే నూనె తగిలితే పొడి ముద్దకడుతుంది. కాపర్ సల్ఫేట్, కోలిన్ క్లోరైడ్‌తో ఒకే సంచిలో కలిపి నిల్వ పెట్టొద్దు. కోలిన్ తేమ లాగుతుంది, కాపర్ సూక్ష్మజీవులకు పడదు. మేతలో వేరువేరుగా పడితే ఇబ్బంది తక్కువ.

సరిగ్గా కలిపిన మేత కూడా తొట్టిలో విడిపోతుంది. కోడి ముందు నూక, మొక్కజొన్న ముక్క ఏరుకుంటుంది. విటమిన్లు, ప్రొబయోటిక్ ఉన్న మెత్తటి పొడి అడుగున మిగిలిపోతుంది. దాని మీదే కొత్త మేత పోస్తూ పోతే ఆ పొడి రోజుల తరబడి అక్కడే ఉండి పులుస్తుంది. రోజుకు ఒక్కసారి, మధ్యాహ్నం మేతకు ముందు, తొట్టి అడుగు కనిపించేదాకా తిననివ్వండి.

నీళ్లలో ఇచ్చే రకం మీకు అక్కర్లేదు. కోళ్లు మేత మానేసిన రోజుల్లోనో, యాంటీబయాటిక్ కోర్సు ముగిసిన వెంటనేనో నాలుగైదు రోజులు పనికొస్తుంది. అప్పుడు కూడా క్లోరిన్ ఆపి, పైపులు ఒకసారి ఫ్లష్ చేసి, 4 గంటల్లో అయిపోయేంతే కలపండి. అది అయిపోగానే మంచినీళ్లతో మళ్లీ ఫ్లష్. బెల్లం కలపమంటారు కొందరు, వినకండి. బెల్లం నీళ్లతో పైపు లోపల జిగురు పొర పెరుగుతుంది, ఈ-కోలై అందులో ఇల్లు కట్టుకుంటుంది. పెరుగు సంగతీ అంతే. పెరట్లో 20 కోళ్లున్నవాళ్లు మజ్జిగలో తవుడు తడిపి గిన్నెలో పెట్టి, అరగంటలో మిగిలింది తీసేస్తే బాగానే ఉంటుంది. 10 వేల కోళ్ల నిపుల్ లైనులో పెరుగు పోస్తే నిపుళ్లు మూసుకుపోతాయి. పైగా పెరుగు బ్యాక్టీరియా లెక్క రోజుకో రకం.

డాక్సీసైక్లిన్, ప్రొబయోటిక్ కలిపి ఇవ్వడం అన్నిటికన్నా పెద్ద దండగ. టెట్రాసైక్లిన్లు (డాక్సీసైక్లిన్ వీటిలోదే), ఎన్‌రోఫ్లాక్ససిన్, టైలోసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు మామూలుగా బాసిల్లస్‌ను దెబ్బతీస్తాయి. ఒకవైపు పోస్తూ ఇంకోవైపు చంపుతున్నట్టు. మూడు రోజుల కోర్సు మీకు ఎందుకు పనిచేసినట్టు కనిపిస్తోందంటే, చెడ్డదాన్ని కాసేపు అణిచేసి దాంతోపాటు మంచిదాన్నీ తుడిచేస్తుంది. కారణం అలాగే ఉంది కాబట్టి మళ్లీ వస్తుంది. ఈ మందు గుడ్డులోకి కూడా దిగుతుంది, ఆ గుడ్లు ట్రేల్లో బయటికి వెళ్తున్నాయి. పశువైద్యుడు రాస్తే తప్ప ఇక ఇవ్వొద్దు. రాసి ఇచ్చినా, ఆయన చెప్పిన విరామం ముగిసేదాకా గుడ్లు తినడానికి అమ్మకూడదు. షాపులో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న పాత పొడి ఎవరైనా అంటగడితే తీసుకోకండి. 2019 జూలైలోనే కేంద్రం దాన్ని ఆహారానికి పెంచే పశుపక్ష్యాదుల్లో నిషేధించింది. అలాగని ప్రొబయోటిక్ యాంటీబయాటిక్‌కు బదులు మందు కాదు. రోజుకు నాలుగైదు కోళ్లు వరుసగా చనిపోతుంటే, కోసి చూసినప్పుడు కడుపులో పచ్చసొన గడ్డకట్టి ఉంటే, లేదా ప్రొడక్షన్ వారంలో 5, 6 శాతం పడిపోతే ప్యాకెట్లతో కాలయాపన చేయకుండా పోస్ట్‌మార్టం చేయించండి. రాణిఖేత్, ఐబీ (ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్), ఫ్లూ లాంటి రోగాలు మొదట ఇలాగే కనిపిస్తాయి.

ఖర్చు లెక్క చూద్దాం. మీ షెడ్డు మేత రోజుకు 1,100 కిలోలు, పొడి 550 గ్రాములు. కిలో 400 రూపాయలనుకుంటే రోజుకు 220 రూపాయలు. గుడ్డు 5 రూపాయలైతే అది 44 గుడ్లు, అంటే ప్రొడక్షన్‌లో అర శాతం లోపే. లేదా పగిలిన గుడ్డు సగం ధరకు పోతుందనుకుంటే, రోజుకు 88 పగుళ్లు తగ్గాలి. ఇప్పుడు మీకు 8,400 గుడ్లకు 336 పగుళ్లు ఉన్నాయి, 4 శాతం 3కి దిగితే దాదాపు సరిపోయింది. మీ ధరలు వేరైతే అవే వేసుకోండి.

ఈ అర శాతాన్ని కంటితో పట్టుకోలేరు. ఈ వయసులో ప్రొడక్షన్ దానంతటదే వారం వారం కొంచెం దిగుతుంటుంది. ముందూ తర్వాతా పోల్చినవాడికి మంచి ప్రొబయోటిక్ కూడా పనిచేయనట్టే కనిపిస్తుంది. వేసవి ముగిశాక మొదలుపెట్టినవాడికి చెత్త పొడి కూడా అద్భుతంలా కనిపిస్తుంది. అందుకని షెడ్డునే రెండుగా విడదీయండి. తూర్పు సగం, పడమర సగం అని కాదు, పడమర వరసకు ఎండ ఎక్కువ. ఒక వరస విడిచి ఒక వరస తీసుకోండి, ఎరుపు రిబ్బను కట్టిన వరసలకే ప్రొబయోటిక్ మేత. మామూలు మేత 550 కిలోలు ముందు కలపండి, ప్రొబయోటిక్ మేత 550 కిలోలు తర్వాత. తిరగేస్తే మిక్సర్‌లో మిగిలిన పొడి రెండో దాంట్లో కలుస్తుంది. బండ్లు, బకెట్లు వేరుగా ఉండాలి.

మొదటి రెండు వారాలు రెండు వైపులా మామూలు మేతే వేస్తూ గుడ్లు, పగుళ్లు, చనిపోయినవి విడివిడిగా రాయండి. ఏమీ వేయకుండానే ఎరుపు వరసలకూ మిగతావాటికీ ఎంత తేడా ఉందో అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత 8 వారాలు ప్రొబయోటిక్. వారానికి ఒక రోజు రెండు వైపుల నుంచీ మూడేసి ట్రేల గుడ్లు తూచండి, మేత కూడా తూచి వేయండి. ఈ ఎనిమిదిలో మొదటి రెండు వారాల అంకెలు పక్కనపెట్టి మిగతా ఆరింటినే లెక్కలోకి తీసుకోండి. దీనికి కావాల్సిన పొడి రోజుకు 275 గ్రాముల చొప్పున 56 రోజులకు 15.4 కిలోలు. 16 కిలోలు ఒకే బ్యాచ్‌లో కొని, నేలకు ఆనకుండా చల్లటి గదిలో పెట్టండి. తెరిచిన సంచి మూతి గట్టిగా కట్టండి.

ఎనిమిది వారాల తర్వాత ఎరుపు వరసల్లో గుడ్లు అర శాతం పైన పెరిగినా, పగుళ్లు ఒక శాతం తగ్గినా, ఆ తేడా ప్రొబయోటిక్ వేయకముందు రెండు వారాల్లో కనిపించిన తేడా కంటే స్పష్టంగా ఎక్కువుంటే మొత్తం షెడ్డుకు వేయండి. లేకపోతే ఆపేయండి. తర్వాతి కోళ్ల బ్యాచ్‌లో 16వ వారం దగ్గర, గ్రోయర్ షెడ్డు నుంచి లేయర్ కేజ్‌లకు మార్చే రోజుల్లో మళ్లీ ఇలాగే పరీక్షించండి. అప్పుడు కోడి మీద ఒత్తిడి ఎక్కువ, ప్రొబయోటిక్‌కు పనికూడా ఎక్కువ.